శుక్రకణ కేంద్రకం మారే తీరు చూడాలంటే మిడతా, పండ్ల ఈగా: ఏది మేలు?

మిడత వృషణం అనగానే మన జువాలజీ ప్రాక్టికల్స్‌లో గుర్తొచ్చేది క్షయకరణ విభజన ఒక్కటే. క్రోమోజోములు కనబడతాయి, బొమ్మ గీస్తారు, స్లైడు పక్కన పెట్టేస్తారు. కానీ కేంద్రకం రూపు పూర్తిగా మారేది విభజన ముగిసిన తర్వాతే. గుండ్రంగా ఉన్న స్పెర్మటిడ్ (శుక్రకణంగా మారబోయే కణం) కేంద్రకం సాగుతుంది, హిస్టోన్లను (డీఎన్ఏను చుట్టి ఉంచే ప్రోటీన్లను) వదిలేస్తుంది, చివరికి సూదిలా గట్టిపడుతుంది. దాన్ని చూడటానికి మా ఎంపిక పండ్ల ఈగ, అంటే డ్రోసోఫిలా మెలనోగాస్టర్. అయితే రంగు వేయకుండానే కణాలను స్పష్టంగా చూపే ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శిని ఉండి తీరాలి. మామూలు సూక్ష్మదర్శినే ఉంటే మిడతే మేలు.

మిడత బలం దాని క్రోమోజోముల పరిమాణం. జిల్లేడు చెట్ల మీద పసుపు, నీలం చారలతో కనబడే మిడత మగదానిలో 19 క్రోమోజోములే ఉంటాయి. వై లేదు, ఎక్స్ ఒక్కటే. ప్రొఫేజ్‌లో, అంటే విభజన మొదటి దశలో, ఆ ఎక్స్ చిక్కగా, ముద్దలా రంగు పడుతుంది. కొత్తవాళ్లు దాన్ని కేంద్రకాంశం (న్యూక్లియోలస్) అనుకుని పొరబడటం మామూలే. ముదురు మగవాటిలో విభజన దశలు తగ్గిపోయి శుక్రకణాలే నిండి ఉంటాయి కాబట్టి, రెక్కలు అప్పుడే వచ్చినదాన్ని పట్టుకోండి. చేతొడుగులు వేసుకోవడం మంచిది. వృషణాన్ని చుట్టుకున్న పసుపు కొవ్వును పూర్తిగా తీసేయాలి. మిగిలితే రంగు మసకబారుతుంది. మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లంలో స్థిరపరిచి, రెండు మూడు వృషణ గొట్టాలను 2 శాతం ఎసిటో-ఆర్సీన్ రంగులో 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, బొటనవేలితో నొక్కితే చాలు.

చిక్కంతా ఆ నొక్కడంలోనే ఉంది. క్రోమోజోములు విడివడాలంటే గట్టిగా నొక్కాలి, అలా నొక్కితే స్పెర్మటిడ్ కేంద్రకాలు చదునై అసలు ఆకారం పోతుంది. అందుకే ఒకే మిడత నుంచి రెండు స్లైడులు చేయండి: ఒకటి నొక్కినది, ఇంకొకటి కవర్‌స్లిప్ బరువుకే వదిలేసినది. ఇంకో పొరపాటు దీనికంటే పెద్దది. ఎసిటిక్ ఆమ్లం హిస్టోన్లలో కొంత భాగాన్ని బయటికి లాగేస్తుంది. ఆ స్లైడు మీద హిస్టోన్ రంగు పడలేదని, అక్కడ హిస్టోన్లు లేవని రాయడం తప్పు. హిస్టోన్ల కోసమైతే 10 శాతం న్యూట్రల్ ఫార్మలిన్‌లో స్థిరపరచాలి. వేడి ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో డీఎన్ఏ తీసేశాక, పీహెచ్ 8 దగ్గర హిస్టోన్లకు పట్టే ఫాస్ట్ గ్రీన్ రంగు వేయాలి.

పండ్ల ఈగలో క్రోమోజోములు 8 మాత్రమే, పైగా మగ ఈగలో క్రాసింగ్ ఓవర్ (జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) జరగదు. అలా మార్చుకున్న చోట్లు, అంటే కయాస్మాలు చూడాలనుకునేవారికి ఇది పనికిరాదు. విభజన తర్వాతి కథకు మాత్రం దీనికి సాటి లేదు. వృషణంలోని ఒక్కో సంచిలో (సిస్ట్) 16 స్పెర్మటోసైట్లు (క్షయకరణ విభజన చెందే కణాలు) కలిసి విభజన చెంది 64 స్పెర్మటిడ్లవుతాయి. అన్నీ ఒకే అడుగులో నడుస్తాయి కాబట్టి, ఒక సంచిని చూస్తే ఒక దశను చూసినట్టే.

అప్పుడే కోశం నుంచి వచ్చిన మగ ఈగ వృషణాన్ని 4 లేదా 5 మైక్రోలీటర్ల సెలైన్‌లో చీల్చి, కవర్‌స్లిప్ వేసి, అంచున ఫిల్టర్ పేపర్‌తో తడి పీల్చి, 15 నిమిషాల్లోపు చూసేయాలి. రంగు అక్కర్లేదు. ప్రతి కణంలో లేతగా ఒక కేంద్రకం, పక్కనే అంతే సైజులో నల్లగా మైటోకాండ్రియాల ముద్ద ఒకటి కనబడతాయి. ఈ ముద్ద పేరు నెబెన్‌కెర్న్. కేంద్రకాలు చిన్నా పెద్దా ఉంటే క్రోమోజోములు సమంగా పంచుకోలేదన్నమాట. ఒకే పెద్ద ముద్దకు రెండో నాలుగో కేంద్రకాలుంటే కణద్రవ్య విభజన విఫలమైంది. ముద్దలు కూడా అన్నే విడివిడిగా ఉంటే మాత్రం అనుమానించాల్సింది మీ చేతినే. ఒత్తిడికి కణాలు కలిసిపోయి ఉంటాయి.

తర్వాత కేంద్రకం ఆకులా, పడవలా, సూదిలా మారుతుంది. దీనికి డీఎన్ఏకు అంటుకుని మెరిసే డాపి రంగు, ఫ్లోరోసెన్స్ సూక్ష్మదర్శిని కావాలి. పడవ దశలోనే హిస్టోన్లు పోయి ప్రోటమైన్లు (శుక్రకణంలో డీఎన్ఏను బిగించే ప్రోటీన్లు), ఎంఎస్‌టీ77ఎఫ్ అనే ప్రోటీన్ వచ్చి చేరతాయి. చివరికి కేంద్రక ఘనపరిమాణం 200 రెట్లకు పైగా తగ్గిపోతుంది. విశేషమేమిటంటే, రెండు ప్రోటమైన్ జన్యువులూ తీసేసినా మగ ఈగకు సంతానం కలుగుతుంది. ఎంఎస్‌టీ77ఎఫ్ దెబ్బతింటే కలగదు. కేంద్రకానికి ఆకారం ఇవ్వడం వేరు, డీఎన్ఏను బిగించడం వేరు అని ఇంత స్పష్టంగా చూపే పదార్థం మిడతలో దొరకదు.

ఒక్క జాగ్రత్త. సూది దశలో క్రోమాటిన్ (డీఎన్ఏ, ప్రోటీన్ల కలయిక) ఎంత బిగుసుకుంటుందంటే ప్రోటీన్లను గుర్తించడానికి వాడే మెరిసే యాంటీబాడీలు లోపలికి దూరలేవు. అక్కడ మెరుపు లేకపోవడం ప్రోటీన్ లేదనడానికి రుజువు కాదు. హిస్టోన్‌కూ ప్రోటమైన్‌కూ వేర్వేరు రంగుల్లో మెరిసే ట్యాగులున్న ఈగలు వాడితే యాంటీబాడీ అవసరమే ఉండదు.