డీఎం న్యూరాలజీ తర్వాత ఏ ఫెలోషిప్ మేలు: స్ట్రోకా, ఎపిలెప్సీయా, మూవ్‌మెంట్ డిజార్డర్సా?

ఎండీ మూడేళ్లు, డీఎం (నరాల వైద్యంలో సూపర్ స్పెషాలిటీ) మూడేళ్లు అయ్యాక ఇంకో ఏడాది ఏ ఫెలోషిప్‌కు (ఒక విభాగంలో ప్రత్యేక శిక్షణ) వెచ్చించాలో చాలామంది ఇష్టాన్ని బట్టి తేల్చుకుంటారు. ముందు తేలాల్సింది ప్రాక్టీసు ఏ ఊళ్లో అన్నది.

స్ట్రోక్ (పక్షవాతం)లో పనంతా గడియారంతోనే. మెదడు నాళంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు 4.5 గంటలు. లెక్క మొదలయ్యేది లక్షణాలు కంటపడ్డప్పటి నుంచి కాదు, మనిషి చివరిసారి మామూలుగా ఉన్నప్పటి నుంచి. రాత్రి 10కి పడుకుని పొద్దున 6కి మూతి వంకరతో లేచినవారికి ఎనిమిది గంటలు గడిచినట్టే. వారికి ఇవ్వాలంటే ఎంఆర్ఐలో డిఫ్యూజన్, ఫ్లెయిర్ అనే రెండు రకాల చిత్రాల మధ్య తేడా కనిపించాలి. ఈ ఇంజెక్షన్లలో ఆల్టెప్లేజ్ ఒంటి బరువు కిలోకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 మించకూడదు. పదోవంతు బోలస్‌గా (ఒక్కసారిగా), మిగతాది గంటసేపు. టెనెక్టెప్లేజ్ కిలోకు 0.25 చొప్పున, 25 మించకుండా ఒకే బోలస్. గుండెపోటు డోసు దీనికి దాదాపు రెట్టింపు. హడావిడిలో అది ఇచ్చేస్తే మెదడులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. బీపీ 185/110 కిందికి దించకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. పెద్ద నాళం మూసుకుపోతే కాథ్ ల్యాబ్‌లో (నాళంలోకి సన్నని గొట్టం పంపే గది) గడ్డను లాగేస్తారు, ఎంపిక చేసిన కేసుల్లో 24 గంటల దాకా. అర్ధరాత్రి సీటీ తీసేవారు లేని ఊళ్లో ఈ చదువు సగం అటకెక్కినట్టే.

ఎపిలెప్సీ (మూర్ఛ)కి అంత సరంజామా అక్కర్లేదు. మెదడు విద్యుత్తును అలలుగా గీసే ఒక ఈఈజీ మిషన్, దాన్ని చదివే కన్ను ఉంటే చాలు. ఆ కన్ను కోసమే ఫెలోషిప్. తలకు నూనె రాసుకుని వస్తే ఇంపీడెన్స్ (తలకూ ఎలక్ట్రోడ్‌కూ మధ్య విద్యుత్ నిరోధం) 5 కిలోఓమ్‌ల కిందికి దిగనని మొరాయిస్తుంది. ముందురోజే తలంటుకుని రమ్మనాలి. మూర్ఛ ఉన్నవారిలోనూ దాదాపు సగం మందికి మొదటి ఈఈజీ మామూలుగానే ఉంటుంది. అంతకన్నా నష్టం అతిగా చదవడం: నిద్రమత్తులో వచ్చే మామూలు అలలను స్పైకులు (మూర్ఛ గుర్తులు) అనుకుంటే మనిషి ఏళ్ల తరబడి అక్కర్లేని మాత్రలు మింగుతాడు. ఉదయం ఉలికిపాట్లు వచ్చే జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీని గుర్తుపట్టక కార్బమజెపిన్ అనే మూర్ఛ మందు రాస్తే అవి ఇంకా పెరుగుతాయి. సరిగ్గా ఎంచుకుని, సరిపడా డోసులో వాడిన రెండు మందులూ పనిచేయకపోతే సర్జరీకి పరీక్షించాలి. 2001లో కెనడాలో 80 మంది టెంపొరల్ లోబ్ (కణత వైపు మెదడు భాగం) మూర్ఛ రోగులపై జరిగిన ట్రయల్‌లో, ఏడాదికి స్పృహ తప్పే ఫిట్స్ ఆగినవారు సర్జరీ వర్గంలో 58 శాతం, మందుల వర్గంలో 8 శాతం. తిరువనంతపురం శ్రీచిత్ర ఆసుపత్రిలో ఈ సర్జరీ 1995 నుంచీ ఉంది. కేసును వేళకు అక్కడికి పంపడం కూడా ఒక విద్యే.

మూవ్‌మెంట్ డిజార్డర్స్‌కు (పార్కిన్సన్స్ లాంటి కదలికల జబ్బులు) ఓపిక, చేతి నేర్పు కావాలి. బిగిసిన కండరాలను సడలించే బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ యూనిట్లు ఒక కంపెనీవి ఇంకో కంపెనీకి సరిపోవు. మెడ కండరాల్లో మోతాదు మించితే ముద్ద దిగదు. డీబీఎస్‌కు (మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే సర్జరీ) ఎంపిక చేసేటప్పుడు రాత్రంతా మందు ఆపి, పొద్దున పార్కిన్సన్స్ మందు లెవోడోపా ఇచ్చి లక్షణాల తీవ్రత స్కోరు ఎంత తగ్గిందో చూస్తారు. దూలగొండి గింజల్లోనూ లెవోడోపా ఉంది కాబట్టి, పొడి వాడుతున్నారేమో రోగిని అడిగి తీరాలి.

జిల్లా కేంద్రంలో సొంత క్లినిక్ అయితే మా ఓటు ఎపిలెప్సీకే. కాథ్ ల్యాబ్ రాత్రీపగలూ నడిచే పెద్దాసుపత్రి అయితే స్ట్రోక్. పక్కన ఫంక్షనల్ న్యూరోసర్జన్ (డీబీఎస్ లాంటివి చేసేవారు) ఉంటే తప్ప మూడోదాన్ని మొదటి ఎంపికగా పెట్టుకోవద్దు. చేరేముందు అక్కడి పాత ఫెలోలను ఈ రెండే అడగండి: ఏడాదిలో మీ చేత్తో ఎన్ని ఈఈజీ రిపోర్టులు రాశారు, రాత్రి స్ట్రోక్ కాల్స్ ఎన్నింటికి మీరే వెళ్లారు?