కొండెక్కితే ఏది మేలు: స్ట్రాంగ్ హైబ్రిడ్డా, మైల్డ్ హైబ్రిడ్డా, టర్బో డీజిలా?

బ్రోచర్‌లో కనిపించే పీఎస్ (ఇంజన్ బలానికి కొలత, హార్స్‌పవర్ లాంటిదే) అంకె సముద్ర మట్టానికి దగ్గరగా ఉండే గాలికి లెక్కగట్టింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో (గాలిని కుక్కి ఇంజన్‌లోకి పంపే పరికరం) లేని ఇంజన్ పీల్చే గాలి ఎంత తగ్గితే దాని బలం దాదాపు అంతే తగ్గుతుంది. మొదటి వెయ్యి మీటర్లకు పదో వంతు పోతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. బెంగళూరు (920 మీటర్లు) దగ్గర సుమారు 9 శాతం, ఊటీ (2,240) దగ్గర 20, లేహ్ (3,500) దగ్గర 30, ఖర్దుంగ్ లా (5,359) మీద 42 శాతం దాకా పోతుంది.

ఎండ కూడా ఇదే పని చేస్తుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మే నెలలో విజయవాడలో 42 డిగ్రీలు ఉందంటే, 15 డిగ్రీల ప్రామాణిక గాలితో పోలిస్తే సాంద్రత 8, 9 శాతం తక్కువ. అంటే బెంజ్ సర్కిల్‌లో నిలబడే బెంగళూరంత ఎత్తు ఎక్కేసినట్టు. పైగా ఏసీ ఫుల్లు.

పోలికకు ఒకే బాడీలో రెండు రకాల హైబ్రిడ్ దొరికే బండి తీసుకుంటే తేడా తేటగా తెలుస్తుంది. టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా అలాంటివే. స్ట్రాంగ్ అంటే కరెంటు మోటారు ఒక్కటే కూడా బండిని కదపగలది, మైల్డ్ అంటే ఇంజన్‌కు కాస్త సాయం మాత్రమే చేసేది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో 1.5 లీటర్ మూడు సిలిండర్ల అట్కిన్సన్ (బలం కన్నా మైలేజీ కోసం మలచిన) ఇంజన్ 92 పీఎస్ ఇస్తుంది, దానికి 80 పీఎస్ మోటారు తోడు. మైల్డ్ హైబ్రిడ్‌లో నాలుగు సిలిండర్ల 1.5 లీటర్ ఇంజన్, 103 పీఎస్. మైల్డ్‌లో ఉన్న చిన్న బ్యాటరీ, స్టార్టర్ జనరేటర్ ఇచ్చే సాయం కొండ మీద లెక్కలోకి రాదు. దాన్ని మామూలు పెట్రోల్ బండిగానే చూడండి. మూడోదిగా క్రెటా 1.5 డీజిల్: 116 పీఎస్, 250 ఎన్ఎం టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), టర్బో ఉంది.

మోటారుకు గాలితో పని లేదు కాబట్టి హైబ్రిడ్‌కు ఎత్తు అంటదని అమ్మేవాళ్లు చెబుతుంటారు. అందులో నిజం సగమే. 92, 80 కలిపితే 172 కావాలి కదా, కంపెనీ ఇచ్చిన మొత్తం మాత్రం 115 పీఎస్ చిల్లర. ఎందుకంటే ఆ మోటారు తినే కరెంటులో చాలా భాగం ఇంజనే జనరేటర్ తిప్పి ఇస్తుంది. బ్యాటరీ సొంతంగా అదనంగా కలిపేది సుమారు 23 పీఎస్. ఎత్తు అంటనిది ఆ 23 మాత్రమే.

ఇప్పుడు లేహ్ లెక్క చూడండి. స్ట్రాంగ్ ఇంజన్ 92 నుంచి 65కి దిగుతుంది, బ్యాటరీ 23 కలిపితే 88. మైల్డ్ 103 నుంచి 73కి దిగుతుంది. ఖర్దుంగ్ లా పైన స్ట్రాంగ్ 77, మైల్డ్ 60. ఇక్కడిదాకా స్ట్రాంగ్‌దే పైచేయి. కానీ బ్యాటరీ అడుగంటితే అదే ఖర్దుంగ్ లా మీద స్ట్రాంగ్ దగ్గర మిగిలేది 54, మైల్డ్ దగ్గర 60 అలాగే ఉంటుంది. కాబట్టి అసలు ప్రశ్న ఎత్తు గురించి కాదు, ఎక్కుతున్నంతసేపు బ్యాటరీలో ఛార్జ్ నిలుస్తుందా లేదా అన్నదే.

ఆ బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్. మన కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్. అందులోనూ బండి వాడనిచ్చేది కొంత భాగమే, ఆయుష్షు కోసం పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. ఐదుగురు, సామాను కలిపి 1,650 కిలోల బండి తిరుపతి నుంచి తిరుమలకు సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే, ఎత్తుకే 3 యూనిట్ల పైన కావాలి. టైర్ల రాపిడికి ఇంకో యూనిట్. మొత్తం బ్యాటరీకి ఐదు రెట్లు. అయినా కంగారు పడక్కర్లేదు: ఆ 4 యూనిట్లను అరగంటలో ఖర్చు చేస్తే సగటున పడే బరువు 15 పీఎస్ లోపే. అంతమాత్రం ఇంజన్ ఒక్కటే మోస్తుంది, మిగిలిన బలంతో బ్యాటరీని నింపుకుంటుంది కూడా. ఖర్దుంగ్ లాకు గంటన్నరలో ఎక్కినా సగటు అవసరం అంతకన్నా ఎక్కువ కాదు.

దెబ్బ తగిలేది సగటు దగ్గర కాదు. ఎదురుగా లారీ పాకుతుంటే దాటాల్సిన పది సెకన్ల దగ్గర, హెయిర్‌పిన్ మలుపులో ఆగి మళ్లీ కదలాల్సిన చోట. ఒకదాని వెంట ఒకటి నాలుగు బండ్లను దాటారంటే డ్యాష్‌బోర్డులో ఛార్జ్ చూపే బ్యాటరీ గీతలు రెండుకు పడిపోతాయి, ఐదో బండి దగ్గర ఇంజన్ గోల పెడుతుందే తప్ప బండి లేవదు. గీతలు సగానికి వచ్చేదాకా ఆ బండి వెనకే వెళ్లడం మంచిది.

హెయిర్‌పిన్‌లో కదలడం మాత్రం స్ట్రాంగ్ హైబ్రిడ్ సొత్తు. మోటారు సున్నా స్పీడు నుంచే 141 ఎన్ఎం ఇస్తుంది, క్లచ్ కాలే వాసన ఉండదు. మైల్డ్ మాన్యువల్‌లో ఫస్ట్ గేర్, హాఫ్ క్లచ్ తప్పదు. డీజిల్‌కు 1,500 ఆర్‌పీఎం పైన పండగే, టర్బో ఊపందుకోని కింది ఆర్‌పీఎంలో మాత్రం అదీ పలచని గాలి పీల్చే 1.5 లీటర్ ఇంజనే. అందుకే డీజిల్‌లో మలుపుకు ముందే గేర్ దించాలి.

స్ట్రాంగ్ హైబ్రిడ్ యజమానులు తెలుసుకోవాల్సిన రెండు సంగతులున్నాయి. ఒకటి, రివర్స్‌లో ఈ బండిని నడిపేది మోటారు ఒక్కటే. ఛార్జ్ తక్కువగా ఉండి, నిండా జనంతో నిటారు ర్యాంపును వెనక్కి ఎక్కించబోతే మొరాయిస్తుంది. అలాంటి చోట జనాన్ని దించండి, లేదా ముందుకే ఎక్కించండి. రెండోది, ఘాట్‌లో ట్రాఫిక్ జామ్ అయితే గేరును ఎన్‌లో (న్యూట్రల్‌లో) వదలకండి. ఎన్‌లో హైబ్రిడ్ బ్యాటరీ ఛార్జ్ కాదు, ఏసీ దాన్ని తినేస్తుంది. పీలో (పార్కింగ్‌లో) పెడితే ఇంజన్ అవసరమైనప్పుడు దానంతట అదే లేచి నింపుతుంది.

దిగేటప్పుడు బ్రేకు కరెంటు తిరిగొస్తుంది, నిజమే. తిరుమల నుంచి దిగితే చేతికొచ్చేది సుమారు 2 యూనిట్లు, పట్టేది అర యూనిట్ లోపు. మొదటి కొన్ని కిలోమీటర్లలోనే బ్యాటరీ నిండిపోతుంది. ఆ తర్వాత గేరును బీలో (ఇంజన్ బ్రేకింగ్ కోసం ఉన్న స్థానంలో) వేయండి, ఇంజన్ పెట్రోలు తాగకుండా తిరుగుతూ బండిని ఆపి పట్టుకుంటుంది. వేయకపోతే భారమంతా బ్రేక్ ప్యాడ్ల మీదే పడుతుంది. మైదానంలో మాత్రం బీ వాడితే మైలేజీ నష్టం.

మా మాట: శ్రీశైలం, తిరుమల, అరకు, ఊటీ వరకు తిరిగే కుటుంబానికి స్ట్రాంగ్ హైబ్రిడ్. ఏటా లద్దాఖ్ పోయేవారికి డీజిల్, టర్బో పలచని గాలిని కుక్కి పంపుతుంది కాబట్టి బల నష్టం టర్బో లేని ఇంజన్లంత ఉండదు. చలికాలంలో వెళితే డీజిల్ గడ్డకట్టే బాధ ఉండేది, అక్కడ 2019 నుంచి ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని వింటర్ డీజిల్ ఇస్తోంది. అదే డీజిల్‌ను హైదరాబాద్‌లో రోజూ నాలుగు కిలోమీటర్ల ఆఫీసుకు నడిపితే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే వడపోత) మూసుకుపోయి వార్నింగ్ లైట్ వెలుగుతుంది. మైల్డ్‌ను ఎంచుకోవడానికి గట్టి కారణం ధర, లేదా ఆల్ వీల్ డ్రైవ్. స్ట్రాంగ్‌లో అది లేదు.

మైలేజీ సంగతి వేరు. ఎత్తు వల్ల మైలేజీ పడిపోదు, కాస్త పెరగొచ్చు కూడా. గాలి పలచనైతే హైవేలో ఎదురు గాలి ఒత్తిడి తగ్గుతుంది, థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు) ఎక్కువ తెరుచుకుని పీల్చే శ్రమ తగ్గుతుంది. పడగొట్టేవి వాలు, చలి. హైబ్రిడ్‌లో హీటర్‌కు వేడి ఇంజన్ నీళ్ల నుంచే రావాలి. లంబసింగిలో డిసెంబర్ తెల్లవారుజామున బండి ఆగి ఉన్నా ఇంజన్ ఆగదు, ఈవీ లైట్ (బండి కరెంటు మీదే ఉందని చెప్పేది) వెలగదు. హీటర్ తగ్గించి చూడండి, ఇంజన్ వేడెక్కాక ఆగడం మొదలవుతుంది. అమెరికా ఇంధన శాఖ లెక్కలో 25 డిగ్రీల నుంచి మైనస్ 7కి పడితే చిన్న ప్రయాణాల్లో హైబ్రిడ్ మైలేజీ సుమారు 30 శాతం తగ్గుతుంది.

స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు చెప్పే లీటరుకు 27.97 కిలోమీటర్ల అంకె మన దేశపు టెస్టుది. అందులో గరిష్ఠ వేగం 90, ఏసీ ఆఫ్. పెట్రోల్ కూడా ఇప్పుడు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపినది), ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. మైల్డ్ అంకె 21 కూడా అదే కొలబద్దది కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు, ఊరి రోడ్డు మీద మాత్రం రెండూ రావు.

దేశాలు దాటితే కొలబద్దలే మారిపోతాయి. అమెరికాలో కొరొల్లా హైబ్రిడ్ 138 హెచ్‌పీ, యూరప్‌లో 1.8 కొరొల్లా 140 పీఎస్. అక్కడి బండి బలమైందని కాదు, హెచ్‌పీకి, పీఎస్‌కు ఉన్న కొలత తేడా అంతే. అమెరికా 50 ఎంపీజీ (గ్యాలన్‌కు మైళ్లు) అంటే లీటరుకు 21 కిలోమీటర్ల చిల్లర. బ్రిటన్ గ్యాలన్ పెద్దది, అదే 50 అక్కడ 18 కూడా దాటదు. డెన్వర్ (1,600 మీటర్లు) చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకు బంకులో 85 ఆక్టేన్ (ముందే మండిపోకుండా తట్టుకునే కొలత) పెట్రోల్ చవగ్గా కనిపిస్తుంది. కార్బ్యురేటర్ రోజుల్లో ఆ ఎత్తుకు అది సరిపోయింది. ఎక్కువ కంప్రెషన్ ఉండే హైబ్రిడ్‌కు బండితో వచ్చే పుస్తకం అడిగేది 87, అదే పోయించండి. అక్కడి 91ని మన 91 అనుకుని ఖర్చు పెట్టొద్దు: వాళ్లు కొలిచే పద్ధతి వేరు, వాళ్ల 87 మన పాత 91కి దాదాపు సమానం.