పెద్దాయన సంతకం: ప్రతి బిల్లుకీనా, పరిమితి దాటితేనా?

కుటుంబ కంపెనీ పగ్గాలు పిల్లల చేతికొచ్చాక తరచూ వినిపించే ప్రశ్న: ఖర్చుల్లో తండ్రి మాట ఎంతవరకు చెల్లాలి? అసలు చూడాల్సింది ఎప్పుడు చెల్లాలన్నది. ఆర్డరు పెట్టకముందే వద్దంటే ఆగేది ఒక కాగితం. సరుకు దిగాక చెక్కు ఆపితే పోయేది కంపెనీ మాట. మరుసటిసారి సప్లయరు అరువివ్వడు, అడ్వాన్సు అడుగుతాడు.

ప్రతి చెల్లింపుకీ ఆయన సంతకమే కావాలంటే సరిగ్గా ఇదే జరుగుతుంది. దుబారా తగ్గే మాట నిజమే. కానీ ఆయన ఊళ్లో లేని వారం బేరింగు పోతే మెషీను అలాగే ఆగి ఉంటుంది.

ఒక మొత్తం దాటిన ఖర్చుకే ఆయన్ని అడిగే పరిమితి పద్ధతే మేలు. అయితే పరిమితిని ఊహించి పెట్టకండి. గత 12 నెలల బిల్లుల్ని పెద్దవాటితో మొదలుపెట్టి వరసగా రాసి, పైనుంచి కూడుతూ రండి. మొత్తం ఖర్చులో ముప్పావు వంతు ఎక్కడ పూర్తయితే అక్కడ గీత గీయండి. ఆ చోటున్న బిల్లు మొత్తమే మీ పరిమితి. గీత పైన ఉండేవి సాధారణంగా కొద్ది బిల్లులే. అలాంటివాటికి ఆర్డరుకు ముందే ఆయన ఆమోదం, మిగతావి పిల్లలవి.

ఇది చెడేది ఒకే కొనుగోలును మూడు బిల్లులుగా ముక్కలు చేసినప్పుడు. అందుకే ఒక్కో సప్లయరుకు నెల మొత్తం లెక్కపెట్టాలి. అద్దె, లీజు లాంటివాటికి నెల వాయిదా కాదు, ఒప్పందం ముగిసేదాకా అయ్యే మొత్తం చూడాలి. ఆయన జవాబుకు 3 పనిదినాల గడువు, అది దాటితే ఎవరు తేల్చాలో ముందే రాసుకోవాలి. అత్యవసర రిపేర్లకు విడిగా కొంత మొత్తం ఉంచి, మర్నాడు ఆయనకు చెబితే చాలు.

ఇన్ని చేసినా ఒక ఫోనుతో అన్నీ పాడవుతాయి. "పెద్దాయన ఆపమన్నారండి" అంటూ అకౌంటెంటు నీళ్లు నములుతాడు. పర్చేజ్ ఆర్డర్ నంబరు, సరుకు అందినట్టు స్టోరు సంతకం రెండూ ఉన్న బిల్లును నోటిమాటతో ఎవరూ ఆపకూడదు. నాణ్యత లోపముంటే రాసి ఆపాలి. దీనికి ఆయన ఒప్పుకోకపోతే పరిమితి ఎంత పెట్టినా దండగే.

ఏడాదికోసారి బడ్జెట్‌కు ఆమోదం తీసుకుని వదిలేయడం ఖర్చులు ఒకే తీరుగా ఉండేచోట సరిపోతుంది. ముడిసరుకు ధరలు ఊగేచోట సరిపోదు.

ఆయన్ని సలహాకే పరిమితం చేయడమా? బ్యాంకు అప్పుకు ఆయన వ్యక్తిగత హామీ ఉన్నంతకాలం అది న్యాయం కాదు. అప్పు మొండికేస్తే బ్యాంకు ఆయన సొంత ఆస్తి మీదికి రావచ్చు. కాబట్టి కొత్త అప్పు ఎంత చిన్నదైనా, పరిమితితో పనిలేకుండా ఆయన సంతకం ఉండాల్సిందే.