జింజాలో నైలుకు పది మార్కులు, లాడ్జికి సున్నా

ఉగాండా వెళ్లేవాళ్లు పర్సులో ఉన్న డాలర్ నోట్ల మీద సిరీస్ సంవత్సరం చూసుకుని బయల్దేరండి. జింజాలో మేం దిగిన లాడ్జివాడు గదికి రాత్రికి 60 డాలర్లని ఫోన్‌లో చెప్పాడు. తీరా డబ్బు కట్టబోతే నోటు వెలుతురుకి పెట్టి చూసి, "2003 సిరీస్ సార్, తీసుకోం" అన్నాడు. చిరుగు లేదు, మరక లేదు. పాత నోట్లంటే ఆ దేశమంతా ఇదే తంతని కంపాలాలో ఉద్యోగం చేసే మా బావ చెప్పాడు కాబట్టి ఊరుకున్నాను. సరే, షిల్లింగులిస్తామంటే డాలరుకు 4,000 కట్టమన్నాడు! కంపాలాలో మాకు వచ్చిన రేటు 3,650. అంటే రాత్రికి 21,000 షిల్లింగులు ఉత్త పుణ్యానికి సమర్పించుకున్నాం.

పోనీ వేడినీళ్లయినా వచ్చాయా? "కరెంటు లేదు మేడమ్." మా ఆవిడ ఊరుకుంటుందా! "1954 నుంచి కరెంటు తీస్తున్న డ్యామ్ ఊరి పక్కనే పెట్టుకుని ఇదేం మాటండీ?" అని నా మీద విరుచుకుపడింది, అక్కడికి ఆ డ్యామ్ నేనే కట్టించినట్టు.

ఆవిడ కోపం తగ్గించింది రోలెక్స్ బండి. రోలెక్స్ అంటే ఇక్కడ వాచీ కాదు, తిండి. పెనం మీద క్యాబేజీ, టమాటా వేసిన ఆమ్లెట్, దాని మీద చపాతీ, రెండూ కలిపి చుట్టి చేతికిస్తాడు. 3,000 షిల్లింగులు. లాడ్జివాడు గుంజుకున్న డబ్బుతో ఏడు వచ్చేవి.

మర్నాడు పడవలో విక్టోరియా సరస్సు నుంచి నైలు బయటపడే చోటికి వెళ్లాం. ఇక్కడున్న రిపన్ జలపాతం డ్యామ్ కట్టాక మునిగిపోయింది. 1948లో గాంధీగారి అస్థికల్లో కొంత ఇక్కడే కలిపారు, ఒడ్డున విగ్రహం ఉంది. భూమధ్యరేఖ దేశమని భయపడక్కర్లేదు, సరస్సే 1,100 మీటర్లకు పైన ఉంది కాబట్టి సాయంత్రాలు చల్లగా ఉంటాయి.

మసాకా రోడ్డులో కయాబ్వే దగ్గర భూమధ్యరేఖ మీద ఫొటో దిగండి, చాలు. రేఖకు ఆ పక్క ఒకలా, ఈ పక్క ఒకలా నీళ్లు సుడి తిరుగుతాయని అక్కడ పోసి చూపిస్తారు, అదంతా పోసేవాడి చేతి చలవే. దానికి డబ్బివ్వకండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోండి. ఆ టీకా కార్డు ఉగాండాలో దిగే ఎంటెబ్బే ఎయిర్‌పోర్టులోనే కాదు, తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు.