50 వాట్ల ఎల్ఈడీ రియాక్టర్ లైట్: వెలుగు బాగుంది, ఫ్యాన్‌ని నమ్మొద్దు

హన్మకొండలో పీహెచ్‌డీ చేస్తున్నాను, కార్బన్ డయాక్సైడ్‌ని వెలుతురుతో కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చే పని. ఆన్‌లైన్‌లో కొన్న ఈ 420 నానోమీటర్ల (తరంగదైర్ఘ్యం, ఊదా-నీలం వెలుతురు) లైట్ ఆరు నెలలుగా వాడుతున్నా.

420 తీసుకోవడం మంచిదైంది. వెలుతురు పీల్చుకుని ఈ మార్పుని నడిపించే పొడి (క్యాటలిస్ట్) టైటానియం డయాక్సైడ్ అయితే 387 లోపు, అంటే అల్ట్రావయొలెట్ వెలుతురే కావాలి. నాది కార్బన్ నైట్రైడ్. యూరియాని మూత పెట్టిన క్రూసిబుల్‌లో 550 డిగ్రీల దగ్గర కాలిస్తే వచ్చే పసుపు పొడి, అది సుమారు 460 దాకా పీల్చుకుంటుంది. అందుకే చవగ్గా వస్తుందని 450 లైట్ కొనకండి, అంచు మీద పని చేయాల్సి వస్తుంది. ఈ వెలుతురుకి క్వార్ట్జ్ పాత్ర కూడా అక్కర్లేదు, మామూలు బోరోసిల్ గాజు చాలు.

సాల్వెంట్, అంటే ఆ పొడిని కలిపి గ్యాస్ పంపే ద్రవం, నేనే కలుపుకుంటాను. కోళ్ల దాణాలో వేసే కోలిన్ క్లోరైడ్ ఒక పాలు, యూరియా రెండు పాళ్లు (మోల్ లెక్కన, అంటే బరువు కాదు, అణువుల సంఖ్య). రెండూ పొడులే, కలిపి వేడి చేస్తే కరిగిపోయి చల్లారాక కూడా ద్రవంగానే ఉంటాయి, 12 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఆవిరైపోదు, ఘాటు వాసన లేదు, నాకు ఎంతో నచ్చింది. కాకపోతే లేత పాకంలా చిక్కగా ఉంటుంది, గ్యాస్ బుడగ అడుగు నుంచి మెల్లగా, ఊగుతూ పైకొస్తుంది. వానాకాలంలో కోలిన్ క్లోరైడ్ డబ్బా మూత తీసి పెడితే గంటలో తడిసి ముద్దవుతుంది, వాక్యూమ్‌లో ఆరబెట్టకుండా తూకం వేయకండి.

అసలు ఇబ్బంది వేడితో. మూడో వారానికే ఫ్యాన్ ఆగిపోయింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే మా ఖర్చుతో వెనక్కి పంపమన్నారు. అప్పటికి ఏప్రిల్ మధ్యాహ్నాలు, సాల్వెంట్ 61 డిగ్రీలకి చేరింది. వేడెక్కితే కార్బన్ డయాక్సైడ్ తక్కువ కరుగుతుంది, అయినా గ్యాస్ పరీక్ష గ్రాఫ్‌లో మోనాక్సైడ్ పీక్ (దాని మొత్తాన్ని చూపే శిఖరం) పెద్దదిగా కనిపించి సంతోషపడ్డాను. అనుమానంతో కార్బన్ డయాక్సైడ్ బదులు నైట్రోజన్ పంపి చూస్తే అప్పుడూ పీక్ వచ్చింది! అంటే ఆ మోనాక్సైడ్‌లో కొంత కార్బన్ నేను పంపిన గ్యాస్ నుంచి వచ్చింది కానే కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, నెల రోజుల పని పోయిందని ఎంత టెన్షన్ పడ్డానో.

చౌరస్తా దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అన్న విప్పి చూసి, "తమ్మీ, బుష్ ఫ్యాన్ పెట్టిండ్రు, రోజంతా నడిస్తే ఆగదా?" అన్నాడు. బుష్ అంటే బాల్ బేరింగ్ లేకుండా ఉత్త గొట్టంలో ఇరుసు తిరిగే రకం. దాని బదులు 350 రూపాయలకి బాల్ బేరింగ్ ఫ్యాన్ బిగించాడు. పాత్ర చుట్టూ నీళ్ల జాకెట్ కూడా పెట్టాక 25 డిగ్రీలు నిలబడింది, నైట్రోజన్‌లో పీక్ దాదాపు మాయమైంది.

వెలుగుకి ఐదు, ఫ్యాన్‌కి ఒకటి. కొనేవాళ్లు మొదటి రోజే ఫ్యాన్ మార్పించుకోండి, పసుపు కళ్లజోడు లేకుండా ఆ వెలుగు వైపు చూడకండి. మోనాక్సైడ్‌లోని కార్బన్ గ్యాస్‌దేనా అని తేల్చడానికి, వచ్చే వారం కార్బన్-13 (కాస్త బరువైన, గుర్తుపట్టగలిగే కార్బన్) ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తో ఇదే లైట్ కింద మళ్లీ చేస్తున్నా, ఆ స్పెక్ట్రమ్ వచ్చాక ఇక్కడే రాస్తాను.