పిల్లల తొలి ఒంటరి ప్రయాణం: మెట్రోనా, సిటీ బస్సా?

హైదరాబాద్‌లో తొమ్మిదో, పదో తరగతి పిల్లల్ని మొదటిసారి ఒంటరిగా పంపాలంటే ఇంట్లో అందరికీ టెన్షనే. నా ఓటు ముందు మెట్రోకే. దారి తప్పే వీలు తక్కువ. ప్రతి స్టేషన్ పేరూ లోపల చెబుతారు, సిబ్బంది కనిపిస్తూనే ఉంటారు, ఆడవాళ్లకు విడిగా చోటుంది. స్టేషన్ దాటిపోయినా దిగి ఎదురు రైలెక్కితే సరి. తడబడేది అమీర్‌పేటలోనే: మియాపూర్–ఎల్బీనగర్ లైన్ నుంచి నాగోల్–రాయదుర్గం లైన్‌కు అంతస్తు మారాలి, సాయంత్రమైతే జనం కిక్కిరిసి ఉంటారు. బోర్డు మీద చివరి స్టేషన్ పేరు చూసి ప్లాట్‌ఫాం ఎంచుకోవడం ఒకసారి పక్కనుండి చూపిస్తే చాలు.

బస్సు అలా కాదు. నంబరు చదవాలి, అదే నంబరు రెండు వైపులా తిరుగుతుందని తెలియాలి, చెయ్యెత్తి ఆపాలి, "అంకుల్, నా స్టాపొస్తే చెప్పండి" అని కండక్టర్‌ను అడగాలి. చాలామంది పిల్లలకు నోరు పెగలనిది ఇక్కడే. ఫుట్‌బోర్డు మీద వేలాడటం మాత్రం మొదటి రోజే ఖరాఖండిగా వద్దనాలి. అయినా మెట్రో లేని పేటలే ఎక్కువ, బస్సు నేర్వక తప్పదు. ఖర్చులోనూ తేడా ఉంది: 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు వెంట ఉండాలి. అబ్బాయిలకు స్టూడెంట్ పాస్.

ఏది ఎక్కినా ఫోన్‌లో చార్జింగ్, జేబులో చిల్లర, నోటికి అత్యవసర నంబరు 112 ఉండాలి. ఇల్లు మెట్రో స్టేషన్ దగ్గరైతే మెట్రో. లేదంటే పక్క వీధి బస్టాపు నుంచి నాలుగు స్టాపుల దూరంతో మొదలుపెట్టండి.