వీల్ హార్స్ హబ్ కోసం వెళ్తే దొరికిన కొట్టు: ఐదుకి నాలుగు స్టార్లు

కొట్టు పేరు రాయను. ఉత్తర ఇండియానాలో, సౌత్ బెండ్‌కి గంట దూరంలో, మొక్కజొన్న చేల మధ్య రేకుల షెడ్డు. బోర్డు కూడా లేదు. పాత గార్డెన్ ట్రాక్టర్ల పార్టులు అమ్ముతాడు ఒక పెద్దాయన. కానీ నేను డబ్బులిచ్చింది పార్టుకి కాదు, ఆ పార్టు అసలు ఎవరిదో చెప్పినందుకు. ఈ రివ్యూ కూడా దాని గురించే.

మా ఇంటి వెనక ముప్పావు ఎకరం ఉంది. గోంగూర, దొండపాదు, బీర, నాలుగు సాళ్ళు పచ్చిమిర్చి. రెండేళ్ళ కిందట 350 డాలర్లు పెట్టి ఒక ముసలి వీల్ హార్స్ (ఆ కంపెనీ చిన్న గార్డెన్ ట్రాక్టరు) కొన్నాను, వెనక టిల్లర్ తగిలించి దున్నుకుందామని. అమ్మినాయన "డెబ్భైల్లోది" అన్నాడు. బానెట్ మీద స్టిక్కర్ లేదు, మోడల్ ప్లేటు లేదు, ఎవరో గేటుకి వేయగా మిగిలిన ఎర్ర రంగు తెచ్చి బ్రష్‌తో దీనికి పులిమేశారు. మొదటి వేసవి బాగానే నడిచింది. రెండో వేసవిలో కుడి వెనక హబ్‌లో (చక్రాన్ని ఇరుసుకి కలిపే పోత ముక్క) కీ గాడి, అంటే ఇరుసుతో పాటు హబ్ తిరిగేలా పట్టి ఉంచే చిన్న ఇనుప కీ కూర్చునే గాడి, అరిగిపోయి, ఇరుసు తిరుగుతోంది, చక్రం మాత్రం నించుని చూస్తోంది.

హబ్ ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర కొన్నాను. 85 డాలర్లు, పంపినందుకు ఇంకో 18. ఫోటోలో కాస్టింగ్ నంబరు నా హబ్ మీద ఉన్నదే, అక్షరం తేడా లేదు. వచ్చాక ఇరుసుకి తొడిగితే డబడబలాడింది. వెర్నియర్ పెట్టి కొలిస్తే లోపలి బొక్క 28.6 మిల్లీమీటర్లు, నా ఇరుసు 25.4. తిరిగి తీసుకోమంటే "నంబరు సరిపోయింది కదా, నా తప్పేముంది" అన్నాడు. ఆ 103 డాలర్లు గంగలో కలిశాయి.

ఈ షెడ్డు సంగతి పక్కింటాయన చెప్తే గురువారం సెలవు పెట్టి వెళ్ళాను. రెండు హబ్‌లూ, డెల్కో-రెమీ కంపెనీ స్టార్టర్ జనరేటరూ డిక్కీలో వేసుకెళ్ళాను (స్టార్టరూ అదే, డైనమో అదే, బెల్టుతో తిరుగుతుంది). పెద్దాయన రెండు హబ్‌లూ పక్కపక్కన పెట్టి నవ్వాడు. పోత పోసినప్పుడు పడే నంబరు అచ్చుది, క్యాటలాగ్‌లో ఉండే నంబరు పార్టుది, ఈ రెండూ ఒకటే అనుకుని డబ్బులు పోగొట్టుకునేవాళ్ళు నెలకి నలుగురు వస్తారట. ఒకే అచ్చులో పోసినదాన్ని ఒకసారి అంగుళానికి తొలుస్తారు, ఇంకోసారి అంగుళమూ ఎనిమిదో వంతుకి. వీల్ హార్స్ పాత మూడు గేర్ల బండ్లకి ఇరుసు అంగుళమే, తర్వాతి కాలం పెద్ద బండ్లకి లావు చేశారు. నాకు వచ్చింది ఆ తర్వాతిది.

మరి నాది డెబ్భైల్లోది కాదా? అప్పుడు మొదలెట్టాడు అసలు పని.

జనరేటర్ మీద రేకు ముక్క ఒకటి రివిట్ చేసి ఉంటుంది, నాకు అది రంగు కింద ఉన్నట్టే తెలియదు. గుడ్డకి కాస్త నూనె రాసి బొటనవేలితో మెల్లగా తుడిచాడు. వైర్ బ్రష్ తీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తర్వాత దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద మనం రుద్దినట్టే. 4 B 17 అని తేలింది. డెల్కో-రెమీ లెక్కలో ముందు అంకె సంవత్సరం, అక్షరం నెల, చివరిది తేదీ. A అంటే జనవరి, అలా వరసగా, మధ్యలో I మాత్రం వాడరు, అంకె ఒకటిలా కనపడుతుందని. అంటే ఫిబ్రవరి 17. సంవత్సరం 4 అంటే 54 కావచ్చు, 64 కావచ్చు, 74 కావచ్చు. ఈయన ఒక్క సాక్ష్యాన్ని నమ్మే రకం కాదు. నా ఫోన్‌లో ఇంజన్ ప్లేటు ఫోటో చూపించమన్నాడు. కోహ్లర్ K181, ఎనిమిది హార్స్‌పవర్. ఆ సీరియల్ నంబరు తన నోటుబుక్‌లో వెతికి, గేరు లివర్ ఎలా ఉందో అడిగి, "854" అన్నాడు. అరవైల మొదట్లో వీల్ హార్స్ వాళ్ళు పేర్లు అలాగే పెట్టేవాళ్ళు, 8 అంటే హార్స్‌పవర్, చివరి 4 అంటే 1964. 702 అయితే 1962, 1054 అయితే పది హార్స్‌పవరు, అదీ 1964దే. ఇంత సులువైన సంగతి నాకు అమ్మినాయనకి తెలియదు, నాకూ తెలియదు.

నాకు బాగా నచ్చింది దీని తర్వాతి మాట. ఇలాంటి చిన్న ట్రాక్టర్ల కంపెనీలు చాలా పార్టులు బయట కొని బిగించేవే. ఇంజన్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని కోహ్లర్‌ది, కరెంటు పని డెల్కోది, బేరింగ్ టారింగ్టన్‌ది. పార్టుల పుస్తకంలో మాత్రం అన్నిటికీ వీల్ హార్స్ సొంత నంబర్లే ఉంటాయి. సౌత్ బెండ్‌లో పాండ్ కుటుంబం పెట్టిన కంపెనీ అది, 1974లో అమెరికన్ మోటార్స్‌కి, 1986లో టోరోకి వెళ్ళింది. పాత నంబరు పట్టుకుని తిరిగితే "రేర్, ఆగిపోయింది" అంటూ నాలుగింతలు చెప్తారు. నా ఇరుసు బేరింగ్ అంచున చిన్న అక్షరాల్లో B-1616 అని ఉంది. పదహారో వంతుల లెక్క, పదహారు పదహారో వంతులు అంటే అంగుళం బొక్క, అంగుళం వెడల్పు. ఆయన దగ్గర స్టాకు ఉండి కూడా "మీ ఊళ్ళో బేరింగ్ షాపులో కొనుక్కో, చవక" అని పంపించాడు. 12 డాలర్లకి దొరికింది.

ఆ రాత్రి వీడియో కాల్‌లో నాన్నకి ఇదంతా చెప్పాను. "ఇందులో వింతేముందిరా, ఆటోనగర్‌లో బండి పేరు ఎవడు అడుగుతాడు, బేరింగ్ తుడిచి నంబరు చూస్తారు, దాని మీదే రాసుంటది" అన్నాడు. మాస్సీ ట్రాక్టర్‌కి సామాను కోసం తెనాలి నుంచి విజయవాడ వెళ్ళొచ్చిన మనిషి. నేను మాత్రం ఇంజనీరింగ్ చదివి కాస్టింగ్ నంబరు చూసి మోసపోయాను.

నేను ఉన్న గంటన్నరలో ఇంకొకతను క్రాఫ్ట్స్‌మన్ (సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీ పేరు పెట్టి అమ్మిన రకం) తెచ్చాడు. సియర్స్ వాళ్ళు అమ్మారు గానీ తయారు చేయలేదు కదా, మోడల్ నంబరులో చుక్కకి ముందున్న మూడంకెలు చూస్తే అసలు తయారీదారు బయటపడతాడు. 917 అంటే రోపర్, ఇంజన్ మీద 143 అంటే టెకమ్సే. అలాగే నారింజ రంగు అలిస్-చామర్స్ కంపెనీ B-1 ట్రాక్టరు చేసింది పోర్ట్ వాషింగ్టన్‌లోని సింప్లిసిటీ కంపెనీ. 1965లో ఆ కంపెనీనే అలిస్ కొనేసింది. ఒక రంగు బండికి "రేర్" అన్న పార్టు ఇంకో రంగు బండి మీద సగం ధరకి పడి ఉంటుందట.

ఇక స్టార్ కోసిందెందుకంటే: ఫోన్ ఎత్తడు. గురువారం నుంచి శనివారం వరకే తెరుస్తాడు, కార్డు తీసుకోడు. హబ్ ఆ రోజు దొరకలేదు, పదకొండు రోజుల తర్వాత పోస్టులో వచ్చింది, పాత న్యూస్‌పేపర్లో చుట్టి. పోస్టువాళ్ళు ఎక్కడ పడేశారో, పెట్టె మూల చిల్లుపడి హబ్‌ని బిగించే సెట్ స్క్రూ ఒకటి దారిలోనే పోయింది. చెప్తే ఇంకోటి కవర్లో పెట్టి పంపాడు గానీ అదీ వారం పట్టింది. ఈలోగా గోంగూర విత్తే అదును దాటిపోయి మా ఆవిడతో మాటలు పడ్డాను.

ధర: పార్టు ఏదో కనిపెట్టినందుకు 25 డాలర్లు, అక్కడే కొంటే అది బిల్లులో తగ్గిస్తాడు. హబ్ 60. వెళ్ళేవాళ్ళు పార్టు కడక్కుండా, రంగు గీకకుండా, మురికి మురికిగానే తీసుకెళ్ళండి. పార్టుతో పాటు దాని చుట్టుపక్కల ఫోటోలు కూడా ఉంచుకోండి, ఆయన మొదట అడిగేది అవే.

నిన్న జాకీ ఎత్తి చూస్తే ఎడమవైపు హబ్ కూడా కాస్త కదులుతోంది. వచ్చే గురువారం మళ్ళీ సెలవు పెట్టాలి.